లోపలి గడియ

కోళ్లకు కాపలా కాసే కుక్కను తయారు చేయడమంటే కుక్కకు పాఠం చెప్పడం కాదని, దాని ముక్కుకు పాఠం చెప్పడమని గొర్రెల కాపరి అన్నాడు. అలా అంటున్నప్పుడు అతని చంకలో ఉన్న గంపలో తెల్లటి కుక్కపిల్ల ఒకటి, ప్రపంచంతో తనకేమీ పని లేనట్టు, నిద్రపోతోంది.

అతని మందకు కాపలా కాసేది దాని తల్లే. ఆ జాతి కుక్కలు వేటాడవు, తరమవు, మనిషి ఒళ్లోకి ఎక్కి గారాలు పోవు. తమవి అనుకున్న వాటి మధ్య పడుకుని ఉంటాయి. తమది కానిది కంచె దగ్గరికి వస్తే లేచి నిలబడతాయి. అంతే వాటి విద్య.

"ఇవి రెండే పనులు చేస్తాయి అమ్మాయ్," అన్నాడు కాపరి. "బయటిదాన్ని లోపలికి రానివ్వవు. లోపలిదాన్ని బయటికి పోనివ్వవు."

ఆమె తలూపింది. ఊళ్లో అందరూ ఆమెను కోళ్లమ్మ అంటారు. నిరుడు చలికాలం దాకా కోళ్లాయన కూడా ఉండేవాడు.

పిల్లను ఇంట్లో పెట్టుకుని ముద్దు చేయవద్దని కాపరి మరీ మరీ చెప్పాడు. కోళ్ల షెడ్డు పక్కనే చిన్న దడి కట్టాలి; మధ్యలో తీగవల ఉండాలి; అది కోళ్లను చూస్తూ, కోళ్లు దాన్ని చూస్తూ పెరగాలి. పడకలో షెడ్డులోని ఊక వేయాలి, రాలిన ఈకలు వేయాలి. వాటితో పాటు యజమాని ఒంటి మీది బట్ట ఒకటి, ఉతకనిది, వేయాలి. తల్లిని విడిచిన మొదటి ఆరు వారాల్లో ఏ వాసనలు దాని ముక్కులో ఇంకితే, అవే జన్మంతా దానికి ఇంటివాళ్లు. మిగిలిన లోకమంతా దొంగలే.

"నీ బట్ట వేయమ్మా," అన్నాడు వెళ్తూ వెళ్తూ. "మరిచిపోకు. లేకపోతే రేపు పెద్దదయ్యాక నువ్వెవరని నిన్నే అడుగుతుంది."

ఆమె నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది కాబట్టి, ఆ నవ్వు ఆమెకే పరాయి మనిషిదిలా వినిపించింది.

కాపరి వెళ్లాక ఆమె ఇంట్లోకి వెళ్లి, తలుపు వెనక మేకుకు వేలాడుతున్న చొక్కా ముందు చాలాసేపు నిలబడింది. అది ఆయన ఆఖరిసారి తొడుక్కున్న పని చొక్కా. నాలుగు నెలలుగా ఆమె దాన్ని ఉతకలేదు, మడత పెట్టలేదు, మేకు మీది నుంచి తీయలేదు. చెమట, కోళ్ల దాణా పిండి, పొగాకు. దగ్గరగా వెళ్లి వాసన చూస్తే ఇంకా ఆయన ఉన్నాడు. రోజు రోజుకూ కొంచెం తగ్గుతున్నాడు కూడా. ఇంకొన్నాళ్లకు ఆ చొక్కా ఉత్త గుడ్డ అయిపోతుంది. అప్పుడు ఈ భూమి మీద ఆయన వాసన తెలిసిన ప్రాణి తనొక్కతే మిగులుతుంది.

ఇంకొకరికి తెలిస్తే బాగుండుననిపించింది. అంతకు మించి ఆమె ఏమీ ఆలోచించలేదు.

చొక్కా తీసి, ఊకలో పరిచి, కుక్కపిల్లను దాని మీద పడుకోబెట్టింది. అది కళ్లు తెరవకుండానే కాలరు కింద మూతి దూర్చుకుంది.

*

ఆయన పోయిన తీరు ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసినంత వరకు తెలుసు.

అంతకు ముందు కాపలా ఉన్న ముసలి కుక్క ఆ వారంలోనే చచ్చిపోయింది. కుక్క లేని మూడో రోజు సాయంత్రం ఆయన షెడ్డు గడియ సరిగ్గా వేయలేదు. నక్క వచ్చి ఆరు కోళ్లను పట్టుకుపోయింది. మర్నాడంతా ఆమె ఆయన్ని మాటలతో పొడిచింది. ఆయన ఎదురు చెప్పే మనిషి కాదు. ఒకసారి పిలిచి, పలక్కపోతే, రెండోసారి పిలిచే మనిషి కూడా కాదు. చీకటి పడుతుండగా ఆమె, "గడియ పెట్టడం చేతకాని మనిషికి కోళ్లెందుకు?" అంది. ఆయన లేచి, గడియ మళ్లీ చూసి వస్తానని షెడ్డు వైపు వెళ్లాడు. గడియ పెట్టడమంటే ఏమిటో చూపిద్దామని ఆమె ఇంటి తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టింది. తలుపు కొట్టి, బతిమాలితే తీద్దామనుకుంది. ఆయన కొట్టలేదు. ఆమెకు కునుకు పట్టింది.

తెల్లవారి చూస్తే ఆయన షెడ్డులో ఊక మీద, గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. కోళ్లు రాత్రి ఎక్కి పడుకునే కర్రల మీది నుంచి దిగి వచ్చి ఆయన ఎడమ పక్కన ఒత్తుకుని పడుకున్నాయి. అందుకే కాబోలు, ఆయన ఒళ్లంతా చల్లబడినా ఎడమ పక్క మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.

అడిగిన ప్రతివారికీ ఆమె ఇలాగే చెప్పింది. "కొట్టలేదు. కొడితే తీసేదాన్ని." చెల్లెలికీ ఇదే చెప్పింది. చెల్లెలు వారానికోసారి ఫోను చేసి, ఆ కోళ్లను ఎవరికైనా అప్పజెప్పి తన దగ్గరికి వచ్చేయమంటుంది. ఆమె వస్తానంటుంది. వెళ్లదు.

*

కుక్కపిల్లకు దూది అని పేరు పెట్టింది.

దూదికి మొదటి గురువు ఆమె కాదు, షెడ్డులోని ఒక గోధుమరంగు ముసలి పెట్ట. దాన్ని ఆయన పెద్దత్తగారు అనేవాడు. దాని నడకలోనూ చూపులోనూ ఆ హోదా ఉండేది. దడి తలుపు తీసిన మొదటి రోజు దూది తోకాడిస్తూ వెళ్లి పలకరించబోతే, పెద్దత్తగారు దాని ముక్కు మీద ఒక్క పోటు పొడిచింది. దూది కుయ్యిమని వచ్చి ఆమె కాళ్ల వెనక దాక్కుంది. ఆ రోజు నుంచి కోడి ఎదురైతే తల వంచి పక్కకు తప్పుకునేది. కొత్త కోడలికి కూడా అంత వినయం ఉండదు.

నాలుగో నెలలో దానికి దుడుకు వచ్చింది. ఆడుకుందామని ఒక పిల్లకోడిని తరిమి, తోక ఈకలు రెండు పీకింది. ఈ వయసులో ఇది తప్పదని కాపరి ముందే హెచ్చరించాడు. ఆమె దాన్ని కొట్టలేదు. మెడకు తాడు వేసి పదిహేను రోజులు తనతోనే తిప్పుకుంది. మేత వేసినా, గుడ్లు ఏరినా, ఊక తిరగేసినా పక్కనే కూర్చోబెట్టింది. కోడి కదిలితే దూది కదలకూడదు. కదలకుండా ఉంటే, "భేష్" అనేది. ఆ ఇంట్లో రోజుకు ఇరవైసార్లు వినిపించే మాట అదొక్కటే.

ఆరో నెల వచ్చేసరికి దూది తయారైంది. పగలు కోళ్ల మధ్య నిద్రపోయేది. కోడిపిల్లలు దాని వీపు మీద ఎక్కి ఎండ కాగేవి. గద్ద నీడ నేల మీద పడితే చాలు, ఎక్కడున్నా లేచి పరుగెత్తేది. ఒక్క కోడి కూడా పోలేదు.

ఆమెను చూసి మొరిగేది కాదు. అలాగని తోకా ఊపేది కాదు. ఆమె వస్తే ఓసారి తలెత్తి చూసి, మేత తెచ్చే మనిషి అని గుర్తుపట్టి, మళ్లీ పడుకునేది. ఈ జాతి ఇంతేనని ఆమె సరిపెట్టుకుంది.

కాని సాయంత్రం పొద్దు వాలగానే దూది లేచేది. కంచె తలుపు దగ్గరికి వెళ్లి నిలబడేది. కాసేపటికి తోక ఊపేది.

తర్వాత కంచె వెంట మూడు చుట్లు తిరిగేది. కాపలా కుక్కకు అది మంచి అలవాటేనని మొదట్లో ఆమె సంతోషించింది. ఓ సాయంత్రం నీళ్ల తొట్టి కడుగుతూ కాస్త శ్రద్ధగా చూసింది. దూది కంచెను ఆనుకుని నడవడం లేదు. కంచెకూ తనకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడుస్తోంది. మూలమలుపుల్లో తలెత్తి ఆ ఖాళీలోకి చూస్తోంది. ఉత్తరపు మూలలో, వంగిన స్తంభం దగ్గర, ఆగుతోంది. ఆ స్తంభాన్ని ఊపి చూసి, "ఇంకో ఏడాది లాగుతుందిలే" అని గొణుక్కోవడం ఆయనకు పదేళ్ల అలవాటు. ఆయన ఆగేంత సేపే దూది ఆగుతోంది. మళ్లీ నడుస్తోంది.

ఆయన పోయిన మూడు నెలలకు పుట్టిన కుక్క అది.

*

కాపరి వచ్చి దూదిని చూసి, దాని పళ్లూ పాదాలూ చూసి, తృప్తిగా తల పంకించాడు. సాయంత్రం నడక గురించి ఆమె చెప్పినప్పుడు మాత్రం అతని చేయి దూది మెడ మీద ఆగిపోయింది.

"పడకలో ఏం వేశావమ్మాయ్?"

ఆమె చెప్పింది. అతను దడిలోకి వెళ్లి, ఊకలోంచి ఆ చొక్కాను రెండు వేళ్లతో లాగి ఆమె చేతికిచ్చాడు.

"ఉతికెయ్. నీ శాలువా ఒకటి వేయి. అలవాటు మారడానికి కొన్నాళ్లు పడుతుంది."

"మారకపోతే, బాబాయ్?"

"కుక్క దేన్ని చూసి మొరగాలో మనం నేర్పుతాం. దేన్ని చూసి మొరగకూడదో కూడా మనమే నేర్పుతాం. నువ్వు నేర్పావు. ఇప్పుడు మాన్పించు." అతను గొంతు తగ్గించాడు. "ఎల్లుండి పొద్దున్నే మళ్లీ వస్తాను."

ఆ మధ్యాహ్నం ఆమె చొక్కా ఉతికింది. నీళ్లలో ముంచబోతూ మూడుసార్లు చేయి వెనక్కి తీసుకుంది. నాలుగోసారి కళ్లు మూసుకుని ముంచింది. సబ్బు పెట్టి రుద్ది, జాడించి, మళ్లీ సబ్బు పెట్టింది. తీగ మీద ఆరేసి, ఎండాక ముక్కుకు ఆనించుకుంది. సబ్బు, ఎండ. ఇంకేమీ లేదు. ఆ రోజు ఆయన రెండోసారి పోయాడు. ఈసారి తన చేతుల్లోనే.

చొక్కా మడిచి పెట్టెలో పెట్టి మూత వేసింది. తన పాత శాలువా దూది పడకలో వేసింది. దూది దాన్ని వాసన చూసి, పంటితో పట్టి లాగి, దడి బయట పడేసి వచ్చింది.

*

మర్నాడు మధ్యాహ్నం నుంచే మంచు దిగింది. సాయంత్రానికి ఇంటి నుంచి షెడ్డు కనిపించడం మానేసింది. మధ్య దూరం నలభై అడుగులే. కోళ్లు తొందరగా కర్రలెక్కాయి కాబోలు, చప్పుడు లేదు.

షెడ్డు మూయడానికి ఆమె టార్చిలైటు తీసుకుని బయలుదేరింది. వెంటనే తిరిగి వచ్చే పనే కదా అని ఇంటి తలుపు ఓరగా వదిలేసింది. ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క తలుపే. కిటికీలకు ఇనుప ఊచలు.

మంచులో తడిసిన ఊక వాసన. తుప్పు పట్టిన తీగ వాసన. టార్చి వెలుతురు చేతికి అందేంత దూరం వెళ్లి తెల్లటి గోడకు తగిలినట్టు ఆగిపోతోంది. ఆమె అడుగులు లెక్క పెట్టుకుంటూ నడిచింది.

కంచె తలుపు దగ్గర దూది లేదు.

షెడ్డు ముందు ఉంది. నేలకు ఒదిగి, తల వంచి, ఆమె వైపే చూస్తోంది.

"దూదీ," అంది మెల్లగా.

దూది గుర్రుమంది.

ఆ గుర్రు ఆమెకు తెలుసు. పోయిన నెల కంచె కింద నక్క గుంట తవ్వినప్పుడు విన్నది. రొమ్ములోంచి వచ్చే చప్పుడు. అది ఆఖరి హెచ్చరిక.

"నేనే... దూదీ, నేనే."

దూది పెదవి పైకి లేచింది. టార్చి వెలుతురులో పళ్లు మెరిశాయి.

దాని వెనక షెడ్డు తలుపు తెరిచే ఉంది. లోపల నూట ఇరవై కోళ్లు. ఒక్క రెక్క చప్పుడు లేదు. ఆమె టార్చి ఎత్తింది. కోళ్లన్నీ మేలుకునే ఉన్నాయి. కర్రల మీద వరసగా కూర్చుని, అన్నీ ఒకే వైపు, గోడ మూలలోకి చూస్తున్నాయి. పెద్దత్తగారు కూడా.

అప్పుడు వాసన వచ్చింది.

చెమట. దాణా పిండి. పొగాకు.

చొక్కా పెట్టెలో ఉంది... ఉతికిన చొక్కా... తనే ఉతికింది...

ఆమె చూస్తుండగానే షెడ్డు తలుపు మెల్లగా మూసుకుంది. గాలి లేదు. గడియ లేచింది, పడింది. తర్వాత ఎవరో దాన్ని పట్టుకుని లాగి చూసినట్టు, రెండుసార్లు కిటకిటలాడింది. సరిగ్గా పడిందో లేదో చూసుకున్నట్టు. చాలా శ్రద్ధగా.

దూది తోక ఊపింది.

ఆమె వెనక్కి అడుగు వేసింది. ఇంకో అడుగు. తిరిగి పరుగెత్తింది. మంచులో దారి తప్పి నీళ్ల తొట్టికి మోకాలు కొట్టుకుంది. టార్చి జారిపోయింది. తడుముకుంటూ గోడ పట్టుకుని, గోడ వెంట తలుపు దగ్గరికి చేరి, తోసింది.

తెరుచుకోలేదు.

ఓరగా వదిలిన తలుపు. మళ్లీ తోసింది. భుజం ఆనించి తోసింది. లోపల ఇనుప గడియ దాని గూటిలో గట్టిగా కూర్చుని, కిర్రుమని మాత్రం అంది.

ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టడానికి ఆమెకు చేయి రాలేదు. కొడితే ఎవరు తీయాలి? తీస్తే... ఎవరు తీయాలి?

చలి ఎముకల్లోకి దిగుతోంది. వెనక మంచులో, ఎక్కడో దగ్గరలోనే, దూది అడుగుల చప్పుడు. ఆమె చేయి ఎత్తింది. ఒక్కసారి కొట్టింది.

లోపల నేల మీద పాదం కదిలింది. తర్వాత, బరువైనది ఏదో తలుపుకు ఆనుకున్నట్టు, పలకలు మూలిగాయి. సందులోంచి వెచ్చటి ఊపిరి. పొగాకు.

తలుపు తెరుచుకోలేదు.

ఆమె నుదురు ఆ తలుపుకే ఆనించింది. ఎవరికీ చెప్పని మాట, పది నెలలుగా తనకు తానే అబద్ధం చెప్పుకున్న మాట, ఇప్పుడు గొంతులోకి వచ్చింది.

"విన్నానండీ," అంది గుసగుసగా. "ఆ రోజు మీరు కొట్టారు. ఒక్కసారే కొట్టారు... నేను మేలుకునే ఉన్నాను. ఇంకోసారి కొడతారులే అనుకున్నాను."

లోపల ఊపిరి ఆగింది. వింటున్నట్టు.

"ఇంకోసారి కొడతారనుకున్నాను..."

చాలాసేపు నిలబడింది. పాదాలకు తిమ్మిరెక్కి, తర్వాత స్పర్శ లేకుండా పోయింది. గడియ కదలలేదు.

చివరికి మోకాలికి మెత్తగా ఏదో తగిలింది. దూది. ఇప్పుడు గుర్రుమనడం లేదు. భుజంతో ఆమెను నెడుతోంది, దారి తప్పిన కోడిని షెడ్డులోకి నెట్టినట్టు, ఓపికగా, కొంచెం కొంచెంగా. ఆమె నడిచింది. వెళ్లడానికి ఇంకో చోటు లేదు. ఆయనకూ ఆ రోజు లేదు.

షెడ్డు గడియ తీసి లోపలికి వెళ్లి, గోడ మూలన ఊక మీద కూర్చుంది. దూది బయటే, తలుపుకు అడ్డంగా పడుకుంది. కోళ్లు కిందికి దిగుతాయేమోనని ఆమె ఎదురు చూసింది. ఒక్కటీ దిగలేదు. కర్రల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒత్తుకుని, ఆమెకు వీలైనంత దూరంగా జరిగి కూర్చున్నాయి.

చలికి పళ్లు కొట్టుకుంటూ ఆమె కళ్లు మూసుకుంది. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. ఆమెకు గుర్తున్నది ఒక్కటే. కుడి చేయి చచ్చుబడినంత చల్లగా ఉంది. ఎడమ పక్క మాత్రం, భుజం నుంచి తుంటి దాకా, వెచ్చగా ఉంది.

*

పొద్దున్నే కాపరి వచ్చి లేపాడు. దూది అతన్ని చూసి గొంతు చించుకుని మొరిగింది. ఆమె లేచి నిలబడితే మాత్రం ఆమె ఎడమ చేతిని వాసన చూసి, మొదటిసారి తోక ఊపింది.

ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆమె ఎలా వదిలిందో అలాగే. రాత్రి దానికి లోపలి నుంచి గడియ పడి ఉందని ఆమె చెప్పింది.

"గడియ దానంతటదే పడిపోయిందా అమ్మాయ్?" అన్నాడు కాపరి. ఆమె ముఖం చూసి అతనే మాట కలిపాడు. "పాత తలుపులు. పడుతుంటాయి."

చెల్లెలి దగ్గరికి వెళ్లమని అతనూ అన్నాడు. కుక్కను తీసుకుపోతానన్నాడు, కోళ్లను నాలుగు రోజులు తను చూసుకుంటానన్నాడు. ఆమె సంచిలో బట్టలు పెట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం బయట దూది పడుకుని ఉంది. కోళ్లను వదిలి అది పగటిపూట ఎన్నడూ ఇంటి దగ్గరికి రాలేదు. ఆమె అడుగు బయట పెట్టబోతే లేచి అడ్డంగా నిలబడింది. మొరగలేదు, పళ్లు చూపలేదు. భుజంతో ఆమెను మెల్లగా లోపలికి నెట్టింది.

కాపరి తాడు వేసి లాగాడు. దూది నాలుగు కాళ్లూ నేలలో దిగేసుకుంది. అతను పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి కుక్కలతోనే బతికాడు. ఎప్పుడు లాగడం మానాలో అతనికి తెలుసు. తాడు విప్పి, ఆమె వైపు చూడకుండా, మళ్లీ వస్తానన్నాడు.

ఇప్పుడు పగలు మేత వేయడానికీ గుడ్లు ఏరడానికీ దూది ఆమె వెంటే వస్తుంది. కంచె తలుపు దాటబోతే మాత్రం అడ్డం నిలబడుతుంది. పొద్దు వాలే వేళకు ఇంట్లోకి చేర్చి, గుమ్మం ముందు పడుకుంటుంది, మూతి ఇంటి వైపు పెట్టి. ఒక్క కోడి కూడా పోలేదు. చెల్లెలు ఫోను చేస్తే వస్తానంటుంది.

ఆ రోజు నుంచి ఆమె తలుపుకు గడియ పెట్టడం మానేసింది. పడుకునే ముందు రెండు తలుపు రెక్కలూ తెరిచి, గాలికి మూసుకోకుండా చెరో ఇటుక పెడుతుంది.

తెల్లవారి లేచేసరికి ఇటుకలు రెండూ గోడ పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. తలుపు మూసి ఉంటుంది. గడియ వేసి ఉంటుంది, లోపలి నుంచి.